ఇంటర్నెట్‌లో దొరికిన వింతను పదిమందికీ పంచడం ఎలా? సమగ్ర మార్గదర్శి

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో చేపలకు కాలింగ్ బెల్ ఉంది. దాన్ని నొక్కేది చేపలు కాదు, ఎక్కడెక్కడో ఇళ్లలో కూర్చున్న మనుషులు.

ఇంతవరకు చెప్పి ఆపితే వినేవారు ఊరుకోరు, మిగతాది చెప్పమంటారు. ఇదే సంగతిని ‘అద్భుతం! తప్పక చూడండి! అందరికీ పంపండి!’ అన్న కేకతో, కింద రెండు వరుసల లింకుతో కుటుంబ గ్రూపులో పెట్టి చూడండి. శుభోదయం గులాబీల మధ్య అది ఎటు కొట్టుకుపోయిందో కూడా తెలియదు. వింతలో లోపమేమీ లేదు, దాన్ని అందించిన తీరులోనే ఉంది. పంపేవారు ముందు తాము చివరిదాకా చూసి, అసలు మూలం పట్టుకుని, అందులో తమను ఆపేసిన ముక్క ఏదో తేల్చుకుని పంపితే ఆ తేడా అవతలివారికి ఇట్టే తెలుస్తుంది. ఆ పని ఎలా చేయాలో వరుసగా చూద్దాం.

మొదటి అడుగు: వెతికే చోటు మార్చండి

ఫోను తెరను వేలితో పైకి నెడుతూ పోతే దొరికేవన్నీ అప్పటికే లక్షలమంది చూసేసినవి. మీరు పంపేలోపే మీ బాబాయి అదే వీడియోను మీకు పంపిస్తాడు. కొత్తది కావాలంటే జనం తక్కువగా తిరిగే చోట్లకు వెళ్లాలి.

ఇంగ్లిష్ వికీపీడియాలో ‘అసాధారణ వ్యాసాలు’ అంటూ సంపాదకులే కూర్చిన పెద్ద జాబితా ఉంది. అన్నీ ఆధారాలున్న వ్యాసాలే, విషయాలు మాత్రం ముక్కున వేలేసుకునేవి. 1932లో పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమ పంటలను పాడుచేస్తున్న ఈము పక్షుల మీదికి సైన్యం రెండు లూయిస్ మెషిన్‌గన్లు, 10,000 తూటాలతో వెళ్లి, ఏమీ సాధించలేక వెనక్కి వచ్చిన కథ అక్కడ దొరికేదే. తెలుగు వికీపీడియాలోనూ ఎడమ పక్క పట్టీలో ‘యాదృచ్ఛిక పేజీ’ అనే లంకె ఉంది. నొక్కిన ప్రతిసారీ ఏదో ఒక వ్యాసం తెరుచుకుంటుంది. ఎక్కువసార్లు ఏదో ఒక గ్రామం జనాభా లెక్కలే వస్తాయని ముందే చెబుతున్నాను. ఓపిక పట్టాలి.

ఇగ్ నోబెల్ బహుమతుల జాబితా నాకు అన్నిటికన్నా ఇష్టమైన గని. ముందు నవ్వించి, తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకు 1991 నుంచి ఏటా ఇస్తున్నారు. 2002లో గణిత బహుమతి కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారికి దక్కింది. భారతీయ ఏనుగు ఒంటి ఉపరితల వైశాల్యం ఎంతో అంచనా వేసినందుకు! నవ్వు వచ్చినా, జంతువుల శరీరం వేడిని ఎలా వదులుతుందో లెక్కగట్టాలంటే ఆ వైశాల్యం కావాల్సిందే. 2003లో శాంతి బహుమతి ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాకు చెందిన లాల్ బిహారీకి వచ్చింది. ఆయన కథ కాస్త ఆగి చెబుతాను.

పేటెంట్ల భాండాగారాలు మరో చోటు. గూగుల్ పేటెంట్స్‌లో ఏ మామూలు వస్తువు పేరు కొట్టినా విడ్డూరమైన బొమ్మలతో దరఖాస్తులు బయటపడతాయి. లేజరు కాంతి చుక్కను నేల మీద కదుపుతూ పిల్లి చేత వ్యాయామం చేయించే పద్ధతికి అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చారు. పిల్లి ఉన్న ఏ ఇంట్లోనైనా పిల్లలు చేసే పనినే న్యాయవాదుల భాషలో పేరాలకు పేరాలు రాసిన ఆ పత్రాన్ని చదవడమే ఒక వినోదం.

ప్రదర్శనశాలలనూ మరవకండి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో, స్మిత్సోనియన్ సంస్థ 2020లో లక్షల బొమ్మలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేశాయి. ఐరోపా మధ్యయుగపు చేతిరాత పుస్తకాల అంచుల్లో కవచం తొడిగిన వీరులు నత్తలతో కత్తియుద్ధం చేస్తుంటారు. ఎందుకు గీశారన్న దానిపై పండితులు ఈనాటికీ ఒక మాట మీదికి రాలేదు. ఇక భూగోళాన్ని తిప్పుతూ ఏ ఊరి మీద ఆగితే ఆ ఊరి రేడియో వినిపించే రేడియో గార్డెన్ ఉంది. దాని గురించి చెప్పడం కన్నా ఒకసారి తిప్పి చూడడమే మేలు.

రెండో అడుగు: ఊట దాకా వెళ్లండి

మీకు కనిపించినది చాలావరకు ఎవరో ఎక్కడినుంచో తీసి, కత్తిరించి, పైన తమ పేరు అచ్చుగుద్ది పెట్టిన ముక్క. మొదట ఎవరు పెట్టారో వెతకండి. బొమ్మ అయితే, బొమ్మను బట్టి వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో వేయండి. టిన్‌ఐలో ‘అన్నిటికన్నా పాతది’ అనే వరుస ఎంచుకుంటే ఆ బొమ్మ మొదట ఎప్పుడు, ఎక్కడ దాని కంటపడిందో చూపిస్తుంది. వీడియో అయితే మధ్యలో ఒక స్పష్టమైన దృశ్యం దగ్గర ఆపి, స్క్రీన్‌షాట్ తీసి అదే పని చేయండి. ముఖం కనిపించే దృశ్యం కన్నా దుకాణం బోర్డు, బండి నంబరు పలక, గుడి గోపురం కనిపించే దృశ్యమే ఎక్కువ పనికొస్తుంది.

ఇది కేవలం నిజాయితీ కోసం చేసే పని కాదు, రసం కూడా అక్కడే ఉంటుంది. కత్తిరించిన ముక్కలో పోయినదే తరచుగా అసలు తమాషా.

మూడో అడుగు: అబద్ధమా, పాతబడిన నిజమా, హాస్యమా?

ఈ మూడింటినీ పట్టుకునే తీరు వేరువేరు, కాబట్టి ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ తీసుకుందాం.

ప్రతి దీపావళికీ తిరిగే ‘అంతరిక్షం నుంచి దీపావళి రాత్రి భారతదేశం’ ఫొటో మీకూ వచ్చే ఉంటుంది. రంగురంగుల చుక్కలతో దేశమంతా మెరిసిపోతుంటుంది. అది ఒక రాత్రి తీసిన ఫొటో కానే కాదు. అమెరికా వాతావరణ సంస్థ నోవాకు చెందిన శాస్త్రవేత్త ఉపగ్రహ సమాచారంతో కూర్చిన పటం. ఏళ్ల తరబడి నగరాల దీపాలు ఎలా పెరిగాయో చూపడానికి 1992లో కనిపించినవాటికి ఒక రంగు, 1998లో వచ్చినవాటికి ఇంకొకటి, 2003 నాటివాటికి మరొకటి వేశారు. 2012 నవంబరులో నాసా అసలైన రాత్రి చిత్రాన్ని విడుదల చేస్తూ, దీపావళి నాడు అదనంగా వెలిగే కాంతి అంతరిక్షం నుంచి గుర్తుపట్టలేనంత స్వల్పమని కూడా చెప్పింది. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, అసలు పటం కథ అబద్ధపు కథ కన్నా బాగుంది. పదేళ్లలో మన ఊళ్ల చుట్టూ కొత్త దీపాలు ఎక్కడ వెలిగాయో ఒక్క బొమ్మలో చూడవచ్చు. అబద్ధాన్ని పక్కన పెట్టి దాన్నే పంపండి.

రెండోది మన తెలుగు నేలదే. ‘భారతదేశంలో అతి పొడవైన పేరున్న రైల్వే స్టేషను వెంకటనరసింహరాజువారిపేట’ అన్న సందేశం ఇప్పటికీ తిరుగుతోంది. రేణిగుంట, అరక్కోణం మార్గంలో తమిళనాడు సరిహద్దు దగ్గర ఆ స్టేషను నిజంగానే ఉంది. ఇంగ్లిషులో రాస్తే 28 అక్షరాలు. చాలాకాలం ఆ మాట నిజమే. కానీ 2019లో చెన్నై సెంట్రల్‌కు పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి. రామచంద్రన్ పేరు పెట్టాక పోటీ ముగిసింది. ఇలాంటివి అబద్ధాలు కావు, గడువు దాటిన నిజాలు. ‘అతి పెద్ద’, ‘ఏకైక’, ‘మొట్టమొదటి’ అన్న మాట కనిపిస్తే తేదీ చూడకుండా పంపవద్దు. అన్నట్టు, ఇదే సందేశంలో ‘అతి పొట్టి పేరు ఒడిశాలోని ఇబ్’ అని ఉంటుంది. గుజరాత్‌లో ఓడ్ అనే స్టేషను ఉంది, ఇంగ్లిషులో దానికీ రెండే అక్షరాలు.

మూడోది హాస్యం. 1998 నుంచి ఒక వెబ్‌సైటు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లో చెట్ల మీద బతికే ఆక్టోపస్ ఉందనీ, అది అంతరించిపోతోందనీ, కాపాడమనీ వేడుకుంటోంది. ఫొటోలు, ఆహారపు అలవాట్లు, ఎదుర్కొంటున్న ముప్పులు, అన్నీ గంభీరంగా రాసి ఉంటాయి. దాన్ని వేటాడే జంతువు ఏదని చూస్తే, సాస్క్వాచ్ అనే కట్టుకథల వానరమానవుడు! బడిపిల్లలకు ఇంటర్నెట్‌లో నిజానిజాలు పోల్చుకోవడం నేర్పడానికి ఉపాధ్యాయులు ఈ సైటును వాడుతుంటారు. ఇలాంటిది పంపేటప్పుడు హాస్యమని ముందే చెప్పేస్తే చప్పబడిపోతుంది. చెప్పకపోతే ఎవరో ఒకరు నిజమనుకుని ఇంకో పది గ్రూపులకు తోసేస్తారు. సన్నిహితులు ముగ్గురు నలుగురున్న చోట చెప్పకుండా పెట్టండి, వందమంది ఉన్న గ్రూపులో చెప్పి పెట్టండి.

నాలుగో అడుగు: లింకును కడిగి పెట్టండి

వెబ్ చిరునామాలో ప్రశ్నార్థకం తరువాత ‘యూటీఎం’ (utm) అనో ‘ఎఫ్‌బీక్లిడ్’ (fbclid) అనో మొదలయ్యే పొడవాటి తోక ఉంటే, మీరు ఎక్కడి నుంచి వచ్చారో సైటుకు చెప్పడానికే అది ఉంది. ఆ ప్రశ్నార్థకంతో సహా తీసేసినా పేజీ తెరుచుకుంటుంది. తీసేశాక ఒకసారి తెరిచి సరిచూసుకోండి, ఎందుకంటే కొన్ని చోట్ల ప్రశ్నార్థకం తరువాతే అసలు సరుకు ఉంటుంది. యూట్యూబ్ పూర్తి చిరునామాలో ప్రశ్నార్థకం పక్కన ‘వి’ అక్షరం, సమానం గుర్తు, దాని తరువాత వచ్చే అక్షరాలు, ఇవే వీడియో గుర్తింపు. అవి తీసేస్తే ఏమీ మిగలదు. ‘ఎస్‌ఐ’ (si)తో మొదలయ్యే భాగం మాత్రం నిశ్చింతగా తీసేయవచ్చు.

గంట వీడియోలో మీకు నచ్చినది 41వ నిమిషంలో ఉంటే అక్కడి నుంచే మొదలయ్యే లింకు పంపండి. కంప్యూటర్‌లో యూట్యూబ్ షేర్ మీట నొక్కితే ఎక్కడినుంచి మొదలవ్వాలో ఎంచుకునే గడి కనిపిస్తుంది. పెద్ద వ్యాసంలో ఒకే ఒక్క పేరా కోసమైతే, క్రోమ్‌లో ఆ వాక్యాన్ని ఎంచుకుని మౌస్ కుడి మీట నొక్కండి, ఆ వాక్యానికే లింకు తీసుకునే వీలు ఉంది. తెరిచినవారికి పేజీ సరిగ్గా అక్కడికే జరిగి, వాక్యం రంగులో మెరుస్తుంది. ఈ సౌకర్యం ఉందని చాలామందికి తెలియదు. ‘కిందికి వెళ్లి, మూడో బొమ్మ దాటాక, ఎడమ పక్కన’ అంటూ దారులు చెప్పే పని తప్పుతుంది.

వాట్సాప్‌లో లింకు అతికించాక ఒకటి రెండు క్షణాలు ఆగండి. బొమ్మ, శీర్షికతో చిన్న పెట్టె ప్రత్యక్షమయ్యాకే పంపండి. అవతలివారు తెరవాలా వద్దా అని నిర్ణయించుకునేది సగం ఆ పెట్టె చూసే.

ఐదో అడుగు: పైన రాసే రెండు వాక్యాలు

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. చేపల బెల్లునే తీసుకుందాం.

జరిగేది ఇది. ఉట్రెక్ట్ నగరం మధ్య కాలువ మీద వేర్డ్‌స్లౌస్ అనే పాత లాకు (పడవలు దాటడానికి తలుపులు తీసి మూసే చోటు) ఉంది. వసంతకాలంలో చేపలు గుడ్లు పెట్టడానికి ఎగువకు ఈదుకుంటూ వస్తాయి. ఆ రోజుల్లో పడవల రాకపోకలు తక్కువ కాబట్టి లాకు తలుపులు ఎక్కువగా మూసే ఉంటాయి. చేపలు వాటి ముందు గుమిగూడి ఆగిపోతాయి, అలా ఆగినవాటిని పక్షులు తేలిగ్గా ఎత్తుకుపోతాయి. 2021లో నీటి అడుగున కెమెరా పెట్టి, ఆ దృశ్యాన్ని వెబ్‌సైటులో ప్రత్యక్షంగా చూపడం మొదలుపెట్టారు. చూస్తున్నవారికి చేప కనబడితే తెర మీది మీట నొక్కాలి. ఆ ఫొటో అక్కడివారికి చేరుతుంది. తగినన్ని చేపలు పోగైతే లాకు మనిషి తలుపు తీస్తాడు.

దీన్ని ఎలా పంపాలి? విశేషణాలు పెడితే పని జరగదు. ‘మనసును హత్తుకునే’, ‘నమ్మలేని నిజం’, ‘కళ్లు చెమర్చే’ వంటివి ప్రతి రెండో సందేశంలోనూ ఉంటాయి, ఎవరూ చదవరు. చూడగానే మిమ్మల్ని ఆపిన వస్తువు ఏదో, చేయాల్సిన పని ఏదో అది రాయండి:

‘అత్తయ్యా, ఈ ఊళ్లో లాకు మూసి ఉండి చేపలు ఆగిపోతున్నాయట. నీళ్లలో కెమెరా పెట్టారు. చేప కనబడితే మనం బెల్లు కొట్టాలి, వాళ్లు తలుపు తీస్తారు. నేను చాలాసేపు చూశాను, పచ్చటి నీళ్లు తప్ప ఏమీ లేవు. మధ్యాహ్నం తీరికగా ఉన్నప్పుడు తెరవండి.’

చివరి రెండు వాక్యాలు గమనించండి. లింకు తెరిస్తే ఏమి కనిపిస్తుందో, ఎంత ఓపిక కావాలో ముందే చెప్పేశాయి. అలా చెప్పడం వల్ల తెరిచేవారు తగ్గరు. ‘నాకైనా కనబడుతుందేమో చూద్దాం’ అన్న పంతం పుడుతుంది.

ఇంకో మాట. అత్తయ్యగారు గోదావరి డెల్టాలోనో కృష్ణా డెల్టాలోనో పెరిగినవారైతే లాకు అంటే ఏమిటో వివరించనక్కరలేదు, ఆవిడే మీకు నాలుగు సంగతులు చెబుతారు. అదే హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన కుర్రాడికైతే ‘పడవలను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే తలుపులు’ అని ఒక్క ముక్క కలపాలి. ఒకే వాక్యాన్ని అందరికీ అతికించడం ఫార్వర్డు చేయడంతో సమానం.

కథ ముగింపును మాత్రం సందేశంలో చెప్పేయకండి. ఈము పక్షుల కథలో ‘ఎవరు గెలిచారో ఊహించండి’ అనడం కూడా పాతబడిన ఎత్తే. ‘సైన్యం పది వేల తూటాలు తీసుకెళ్లింది’ దగ్గర ఆపండి, చాలు.

ఆరో అడుగు: ఎవరికి, ఎప్పుడు

ప్రత్యక్ష ప్రసారాలకు కాలం, వేళ రెండూ చూడాలి. చేపల బెల్లు వసంతకాలానికే పరిమితం. అక్టోబరులో పంపితే ఎవరికీ ఏమీ కనిపించదు. అలాస్కాలోని కట్మాయ్ జాతీయ పార్కులో శీతాకాలపు నిద్రకు ముందు సాల్మన్ చేపలు తిని బలిసిన ఎలుగుబంట్లలో బాగా లావెక్కినది ఏదో జనం ఓట్లతో తేల్చే ‘ఫ్యాట్ బేర్ వీక్’ 2014లో ఒక్క రోజు సరదాగా మొదలైంది. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో జరుగుతుంది. ఓటిస్ అనే ముసలి ఎలుగు నాలుగుసార్లు గెలిచింది. అక్కడ ఉదయం ఎనిమిదైతే మనకు రాత్రి తొమ్మిదిన్నర. కాబట్టి ఇక్కడ భోజనాలయ్యాక పంపాలి. అదే డల్లాస్‌లో ఉన్న చెల్లెలికైతే అప్పుడు ఉదయం పదకొండు గంటలు.

గ్రూపులో ఎవరో పోయిన వార్త వచ్చి సంతాపాలు నడుస్తుంటే ఆ రోజు ఏమీ పెట్టవద్దు. పరీక్షా ఫలితాల రోజూ అంతే. రోజుకు ఒకటి చాలు. ఐదు దొరికితే నాలుగు దాచుకోండి. అందరికీ పెట్టడం కన్నా ఒక్కరికి విడిగా పంపడమే మేలైన సందర్భాలు ఎక్కువ. పేటెంటు పిల్లి సంగతి, పిల్లి ఉన్న స్నేహితుడికి.

వాట్సాప్ కూడా ఇదే దారి పట్టించింది. 2018లో భారతదేశంలో ఒకసారికి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డు చేయకుండా హద్దు పెట్టింది. బాగా తిరిగిన సందేశాన్ని ఒకసారికి ఒకే చాట్‌కు పంపగలిగేలా 2020లో ఇంకా బిగించింది. రెండు బాణాల గుర్తుతో ఏదైనా మీకు వచ్చిందంటే అది ఊరంతా తిరిగి వచ్చిందని అర్థం, దాన్ని వదిలేయండి.

ఏడో అడుగు: ఎవరిని చూసి నవ్వుతున్నాం?

లాల్ బిహారీ సంగతి చెబుతానన్నాను. రెవెన్యూ రికార్డుల్లో ఆయన్ను చనిపోయినవాడిగా రాసేశారు, భూమి బంధువుల పరమైంది. తాను బతికే ఉన్నానని నిరూపించుకోవడానికి 1975 నుంచి 1994 దాకా పోరాడాడు. తన పేరు చివర ‘మృతక్’ అని తగిలించుకున్నాడు, తనలాంటివారితో మృతుల సంఘం పెట్టాడు, రికార్డుకెక్కడానికి ఎన్నికల్లో కూడా నిలబడ్డాడు. ఇది చదివి నవ్వుతాం, కానీ ఆ నవ్వు కాగితాన్ని మనిషి కన్నా ఎక్కువ నమ్మే కార్యాలయం మీద. ఆయనే ముందు ఆ నవ్వును ఆయుధంగా వాడుకున్నాడు.

దీనికి పూర్తిగా ఎదురు వైపు మరో ఉదంతం ఉంది. కెనడాలో ఒక బడిపిల్లవాడు 2002లో ఎవరూ లేనప్పుడు కర్ర తిప్పుతూ తనను తాను వీడియో తీసుకున్నాడు. తోటి విద్యార్థులు దాన్ని అడగకుండా 2003లో ఇంటర్నెట్‌లో పెట్టారు. కోట్లమంది నవ్వారు, ఆ పిల్లవాడు బడి మానాల్సి వచ్చింది, కుటుంబం కోర్టుకెక్కింది. రోడ్డు మీద జారిపడిన మనిషి, తప్పు ఇంగ్లిషులో రాసిన చిన్న దుకాణం బోర్డు, ఏడుస్తున్న పసిపిల్ల, ఇవన్నీ ఈ కోవలోవే. వారికి తెలిసి, వారే పెట్టినదైతే సరే. కాకపోతే మీ దగ్గరే ఆగిపోనివ్వండి. బోర్డు మరీ తమాషాగా ఉంటే ఫోను నంబరు, ఊరు కనబడకుండా కత్తిరించడం కనీస మర్యాద.

ఎవరో గీసిన బొమ్మ, తీసిన ఫొటో పంపేటప్పుడు కింద ఉన్న పేరు కత్తిరించవద్దు. వీలైతే స్క్రీన్‌షాట్ బదులు వారి పేజీ లింకే ఇవ్వండి.

ఎనిమిదో అడుగు: దాచుకోండి, సరిదిద్దండి

2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్ల తరువాత తెరుచుకోవడం లేదని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో తేల్చింది. వింత పేజీలకు ఆయుష్షు ఇంకా తక్కువని నా అనుమానం. చాలావాటిని ఒక్కరే ఖర్చు పెట్టుకుని నడుపుతుంటారు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ ప్రయోగశాలలో కాఫీ అయిపోయిందో లేదో లేచి వెళ్లకుండా చూసుకోవడానికి 1991లో కాఫీ పాత్రకు ఎదురుగా పెట్టిన కెమెరా, 1993లో వెబ్‌లోకి వచ్చి లోకప్రసిద్ధమైంది. 2001 ఆగస్టులో దాన్ని ఆపేశారు. పాత్రను వేలంలో జర్మనీకి చెందిన వార్తా సైటు స్పీగెల్ ఆన్‌లైన్ 3,350 పౌండ్లకు కొనుక్కుంది. అంతటి పేరున్నదే అలా పోతే మిగతావి ఎంత?

అందుకే నచ్చిన పేజీని వెంటనే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచండి. అక్కడ ‘పేజీని ఇప్పుడే భద్రపరచు’ అనే గడిలో చిరునామా అతికిస్తే చాలు, ఆ రోజు పేజీ ఎలా ఉందో అలా నిలిచిపోతుంది. పాత లింకు చచ్చిపోతే అదే చోట చిరునామా వేయండి. క్యాలెండరులో రంగు చుక్క ఉన్న తేదీ నొక్కితే పాత రూపం తెరుచుకుంటుంది, ఆ లింకును పంపవచ్చు. మీ దగ్గర కూడా ఒక నోటు పెట్టుకోండి: లింకు, దొరికిన తేదీ, ఎవరికి పంపారో. మూడోది రాసుకోకపోతే ఒకే వింతను ఒకే పిన్నికి రెండు ఉగాదులకూ పంపుతారు.

పంపినది తప్పని తేలితే వాట్సాప్‌లో పదిహేను నిమిషాల లోపు సందేశాన్ని మార్చవచ్చు, రెండు రోజులకు పైగా అందరికీ కనబడకుండా తీసేయవచ్చు. నేనైతే తీసేయమని చెప్పను, అప్పటికే చూసినవారు దాన్ని నిజమనే అనుకుంటూ ఉండిపోతారు. మొదటి సందేశాన్నే పట్టుకుని దానికి జవాబుగా ‘ఇది నిజం కాదు, అసలు సంగతి ఇదీ’ అని రాసి, సరైన లింకు ఇవ్వండి. విడిగా పెడితే దేని గురించి చెబుతున్నారో మధ్యలో వచ్చిన గులాబీలు దాటి వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.